గోడ మీద పూత



చర్ల చుట్టుపక్కల గ్రామములలో గృహ దర్శనానికి వెళ్లినప్పుడు మాకు ఒక అలవాటు ఏర్పడింది. ఇంటివారు మంచం వాల్చి, చెంబుతో నీళ్లు తెచ్చేలోగా మేము గోడ దగ్గరకు వెళ్లి వేళ్ల కణుపులతో రెండు మూడు చోట్ల తట్టి చూస్తాము. గట్టిగా పలికితే పరవాలేదు. డబ్‌మని డొల్లగా పలికితే ఆ చోట పూత గోడను వదిలేసిందని అర్థము. తర్వాత కిందికి వంగి గోడ అడుగున అరచెయ్యి ఆనించి చెమ్మ ఉందేమో చూస్తాము. "అయ్యగారు ముందు గోడకు ప్రార్థన చేసి తర్వాత మనకు చేస్తారు" అని పిల్లలు నవ్వుతారు. నవ్వనివ్వండి. ఈ అలవాటు మాకు ఊరికే రాలేదు. మా సంఘములోని ఒక పెద్దమ్మ ఇంటి గోడ పడిపోయిన తర్వాత వచ్చింది. ఆ గోడ పడటంలో మా తప్పు ఉంది. ఆ సంగతి సంఘము ఎదుట ఒప్పుకొన్నాము గాని పత్రికలో ఎన్నడూ రాయలేదు. మిరపకాయ డబ్బు చేతికొచ్చే ఈ రోజులలోనే మన కుటుంబములవారు ఇళ్లకు పూతలు వేయించుకుంటారు కనుక ఇప్పుడు రాస్తున్నాము.

చర్ల తెలియని వారి కోసము రెండు మాటలు. భద్రాచలము నుండి గోదావరి ఎడమ గట్టు వైపు దుమ్ముగూడెము మీదుగా ఎగువకు వస్తే మా మండలము వస్తుంది. మా తర్వాత అడవి, ఆ అడవిలోనే ఛత్తీస్‌గఢ్ సరిహద్దు. మునుపు ఖమ్మం జిల్లాలో ఉండేవారము, 2016 నుండి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉన్నాము. ఒక పక్క గోదావరి, మరొక పక్క తాలిపేరు. గట్టు దగ్గర ఒండ్రు నేల, మధ్యలో నల్లరేగడి, అడవి అంచున ఎర్రమట్టి. ఒకే మండలములో మూడు రకాల నేల ఉంటే గోడలకు వచ్చే జబ్బులు కూడా మూడు రకాలుగా ఉంటాయి.

ఇక్కడి కోయ కుటుంబములవారి పాత ఇళ్లు మీలో చాలామంది చూసే ఉంటారు. కర్ర గుంజలు పాతి, వాటి మధ్య వెదురు తడిక కట్టి, రెండు వైపులా మట్టి మెత్తుతారు. ఆ మట్టిలో వరిగడ్డి ముక్కలు తొక్కి కలుపుతారు. మట్టి ఆరేటప్పుడు ముడుచుకొని నెర్రెలు విడుస్తుంది. గడ్డి పరకలు దానిని పట్టి ఉంచుతాయి. పైన పేడ కలిపిన మట్టితో అలికి, ఎర్రమట్టితోనో తెల్లసుద్దతోనో పూస్తారు. గడ్డి కప్పు చూరు ఎంత కిందికి దిగి ఉంటుందంటే మనము తల వంచనిదే లోపలికి పోలేము. ఏటా పంట పనులు తీరాక ఆడవారు గోడంతా మళ్లీ అలుకుతారు. మేము 2017లో ఇక్కడికి సేవకు వచ్చినప్పుడు ఆ తల వంచడము మాకు చిన్నతనముగా తోచింది. ఆ చూరు అంత కిందికి ఎందుకు దిగిందో అప్పుడు మేము ఆలోచించలేదు.

మా ప్రార్థనా మందిరము కూడా మట్టి గోడలదే. మేము వచ్చేనాటికే పైన గడ్డి తీసి సిమెంటు రేకులు వేశారు. గోడలు మాత్రము మట్టివే. పట్టణము నుండి సభలకు వచ్చిన ఒక సేవకుడు నవ్వుతూ "ఇంకా మట్టి గోడలేనా బ్రదర్" అన్నాడు. ఆ మాట ముల్లులా గుచ్చుకున్నది. 2018 ఎండాకాలములో సంఘము మిరప పంటలో నుండి ఇచ్చిన కానుకలతో సిమెంటు కొని, మట్టి గోడ మీద కోడి జాలి మేకులతో కొట్టించి, సిమెంటు పూత వేయించాము. పైన తెల్లని రంగు. ఎంత బాగుందో చెప్పలేము. ఆ ఆదివారము మందిర సౌందర్యము గురించి ప్రసంగము చేసి, చివరిలో "మీ ఇళ్లకు కూడా ఇలా వేయించుకోండి, ఇక ఏటేటా అలికే బాధ ఉండదు" అన్నాము. ఆ మాట వాక్యములోనిది కాదు, మా సొంతది. అయితే పుల్పిట్ మీద నుండి చెప్పిన మాటలలో ఏది వాక్యమో ఏది సొంతమో వినేవారు వేరు చేసుకోరు.

మేము చెప్పిన పెద్దమ్మ విధవరాలు, కోయ సహోదరి. కూతురు చనిపోగా మనుమడిని తానే పెంచుతున్నది. మిరప కోతల కూలి డబ్బు దాచి, రెండు మేకలను అమ్మి, 2021 ఎండాకాలములో ఆరు బస్తాల సిమెంటు తెప్పించి ఇంటి ముందు గోడకు, ఉత్తరపు గోడకు పూత వేయించుకున్నది. ఆమె ఇంటికి కూడా అంతకుముందే రేకులు పడ్డాయి. పూత వేసిన రోజు మమ్మును పిలిచి ప్రార్థన చేయించుకున్నది. మేము సంతోషముగా చేశాము.

2022 జూలై సంగతి మా ప్రాంతములో ఎవరూ మరచిపోరు. ఆగకుండా వానలు. జూలై 16న భద్రాచలము దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. మూడవ ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. అంతకంటే పెద్ద వరద అంటే 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగులదే. గట్టు దగ్గరి గూడెములు నీట మునిగాయి. పెద్దమ్మ ఇల్లు మెరక మీద ఉంది. వరద అక్కడికి రాలేదు. కనుక ఆమె గురించి మేము దిగులు పడలేదు. పునరావాస శిబిరములో ఉన్నవారి అన్నము, దుప్పట్లు చూసుకుంటున్నాము.

వరద తీసిన మూడవ రాత్రి ఆమె ఉత్తరపు గోడ బయటికి పడిపోయింది. చూరు కింద కట్టిన మేక ఒకటి చనిపోయింది. మనుమడి మంచము రోజూ ఆ గోడకు ఆనించే ఉండేది. వాడికి జ్వరమని ఆ రాత్రి పొయ్యి దగ్గరకు జరిపి పడుకోబెట్టినందున బ్రతికాడు.

తెల్లవారి వెళ్లాము. చుట్టూ ఉన్న ఇళ్లు చూశాము. అవి అదే వానకు తడిసిన మట్టి గోడలు, పూతలు కారి, గడ్డి పరకలు బయటపడి, అందవికారముగా ఉన్నాయి. అయినా నిలబడి ఉన్నాయి. సిమెంటు వేసిన గోడ ఒక్కటే పడింది. పడిన సిమెంటు మాత్రము విరగలేదు. రెండు పెద్ద పలకలుగా బోర్లా పడి ఉంది. దాని వెనుక మట్టి ముద్దముద్దగా, అంబలిలాగా జారి ఉంది.

ఏమి మాట్లాడాలో తెలియక నిలబడ్డాము. ఆమే అన్నది, "పోతే పోయింది అయ్యగారూ, పిల్లగాడు దక్కాడు. మీరు కూర్చోండి." కాసేపు ఆగి, నిష్ఠూరము లేకుండానే, "ఇక అలకక్కరలేదని మీరు చెప్పారు గదా. నా భుజాలు నొప్పులు. అందుకే వేయించుకున్నాను" అన్నది.

ఆ మాటకు జవాబు మా దగ్గర లేదు.

మా సంఘములో వయసు మళ్లిన తాపీ మేస్త్రీ ఒకరున్నారు. మందిరానికి పూత వేసినప్పుడు ఆయన కోత పనికి వేరే ఊరు వెళ్లి ఉన్నాడు. అడిగి ఉంటే వద్దనేవాడట. ఆయనను తీసుకొని వెళ్లి చూపించాము. ఆయన పలక వెనుక భాగము తడిమి, తడిక ముక్క ఒకటి పీకి చేతిలో నలిపాడు. పొడి అయిపోయింది. సగము కుళ్లు, సగము చెద. "అయ్యగారూ, ఈ గోడ ఈ వానకు పడలేదు. పోయిన ఏడాది వానకే లోపల పోయింది. పైన సిమెంటు ఉన్నందున మనకు కనబడలేదు" అన్నాడు.

ఆయన చెప్పినదీ, తర్వాత మేము చదివి తెలుసుకొన్నదీ కలిపి రాస్తున్నాము. మట్టి గోడ నీళ్లు తాగుతుంది, మళ్లీ గాలికి, ఎండకు విడిచేస్తుంది. నేలలో నుండి చెమ్మ పైకి ఎక్కినా, జల్లు కొట్టినా, ఇంట్లో అన్నము వండిన ఆవిరి పట్టినా, అంతా బయటి ముఖము గుండా ఆరిపోతుంది. తడిస్తే కొంచెము ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. సిమెంటు పూత అలా కదలదు. కనుక ఒకటి రెండు వానాకాలములలో మట్టికి, సిమెంటుకు మధ్య ఎడము వస్తుంది. డొల్ల శబ్దము అక్కడిదే. సిమెంటు మీద వెంట్రుకవాసి పగుళ్లు వస్తాయి. నీరు ఆ పగుళ్ల గుండా లోపలికి సులువుగా పోతుంది గాని అంత సులువుగా బయటికి రాదు. లోపల దిగి దిగి గోడ అడుగున చేరుతుంది. పొడి మట్టి ఎంత బరువైనా మోస్తుంది. తడిసి ముద్దయిన మట్టి తన బరువే మోయలేదు. చివరికి అడుగు కూలుతుంది, పై గోడ వాలుతుంది. కోడి జాలి వేసినా ఉపయోగము లేదు, ఎందుకంటే మేకులు దిగింది ఆ మట్టిలోకే గదా.

దీనికి తోడు చూరు. ఇది మాకు అన్నిటికంటే ఆలస్యముగా అర్థమైంది. గడ్డి కప్పు ఉన్న రోజులలో చూరు కిందికి దిగి గోడకు గొడుగులాగా ఉండేది. రేకులు వేసినప్పుడు డబ్బు మిగులుతుందని గోడ దాటి జానెడే వదిలారు. ఆ రేకు అంచు నుండి కారే నీరు గోడ మొదట్లోనే పడి, ఎగిరి, గోడకే కొడుతుంది. మేము తల వంచడానికి నామోషీ పడిన ఆ చూరే ఇన్నేళ్లు ఆ గోడలను కాపాడింది.

ఆ వారము మేము లేవీయకాండము 14వ అధ్యాయము మళ్లీ తెరిచాము. డిప్లొమా చదివే రోజులలో ఆ అధ్యాయము పరీక్షకు రాదని దాటేశాము. ఇంటి గోడలకు వచ్చే కుష్ఠు గురించి అందులో ఉంది. గోడ మీద పచ్చగానో ఎర్రగానో పల్లపు చారలు కనబడితే ఇంటివాడు యాజకునికి చెప్పాలి. యాజకుడు ముందు ఇల్లు ఖాళీ చేయించి, తర్వాత చూసి, ఏడు దినములు మూసి ఉంచి, మళ్లీ వచ్చి చూడాలి. వ్యాపిస్తే ఆ రాళ్లు ఊడదీయించి, లోపలి గోడలు గీకించి, వేరే రాళ్లు, వేరే అడుసు పెట్టించాలి. అప్పటికీ మళ్లీ వస్తే ఇల్లు పడగొట్టాలి. మచ్చ మీద ఇంకొక పూత వేసి కప్పేయమని ఎక్కడా లేదు. ముందు చూడటము, ఆగటము, మళ్లీ చూడటము. చూడవలసినవాడు యాజకుడు. మేము చూడలేదు. ప్రవక్తయైన యెహెజ్కేలు 13వ అధ్యాయములో బలహీనమైన గోడకు పూత పూసి వానకు కూలగొట్టించుకునేవారి మాట ఉంది. అది అబద్ధ ప్రవక్తల గురించి. దాని మీద మేము కనీసము నాలుగు ప్రసంగములు చేసి ఉంటాము. ఇంతకంటే రాయడానికి సిగ్గుగా ఉంది.

ఇలా జరిగినది మాకు ఒక్కరికే కాదని తర్వాత చదివాము. అమెరికాలో న్యూ మెక్సికో రాష్ట్రములో రాంచోస్ డి టావోస్ అనే ఊరిలో పచ్చి ఇటుకలతో కట్టిన కథోలిక మందిరమొకటి ఉంది. రెండు వందల సంవత్సరముల నాటిది. దాని గోడలను ఆ ఊరివారే మట్టి, గడ్డి కలిపి మెత్తుకుంటూ వచ్చారు. 1967లో ఇక ఏటేటా పని ఉండదని సిమెంటు పూత వేయించారు. లోపల నీరు చిక్కుకొని పచ్చి ఇటుకలు నానిపోసాగాయి. 1979లో ఆ సిమెంటు అంతా కొట్టేసి మళ్లీ మట్టి పూతకు వచ్చారు. ఆ సంఘస్థులు ఈనాటికీ ఏటా కూడి వచ్చి మట్టి మెత్తుతారు. ఇంగ్లాండులో డెవన్ ప్రాంతపు పాత మట్టి ఇళ్లలో కూడా సిమెంటు పూత వెనుక నీరు నిలిచి గోడలు కూలిన ఉదాహరణలున్నాయి. చదువుకున్న దేశములవారు కూడా ఈ పొరపాటు చేశారని తెలిసి మాకు కొంచెము ఊరట కలిగిన మాట నిజము. పెద్దమ్మకు మాత్రము అది ఏ ఊరటా కాదు.

మట్టి గోడ మంచిది, సిమెంటు చెడ్డది అని మేము అనడము లేదు. ఇటుక గోడకు సిమెంటు పూత తగినదే. అయితే ఇటుక ఇళ్లలో కూడా పెచ్చులూడని గోడ మాకు అరుదుగా కనబడుతున్నది. తట్టి చూసే అలవాటు వచ్చాక ఒక్కొక్క ఇంటి జబ్బు తెలిసి వస్తున్నది.

అన్నిటికంటే ఎక్కువగా కనబడేది ఉప్పు. మోకాలి నుండి నడుము ఎత్తు వరకు రంగు ఉబ్బి, గోకితే తెల్లని పొడి రాలుతుంది. ఇంటివారు దానిని సున్నమనో, రంగు కల్తీ అనో అనుకొని మళ్లీ రంగు వేస్తారు. అది నేలలో, ఇటుకలో ఉన్న ఉప్పు. దీపపు వత్తి నూనెను పీల్చినట్లు ఇటుక గోడ నేలలోని చెమ్మను పైకి పీలుస్తుంది. ఆ చెమ్మతో ఉప్పు కరిగి వస్తుంది. నీరు గాలికి ఆరిపోయినా ఉప్పు పూతలోనే మిగిలి, పలుకులు కట్టి, పెరిగి, పూతను లోపలి నుండి బయటికి నెడుతుంది. ఏటా రంగు వేసినా ఏటా ఊడుతుంది. చౌడు నేలలో, సరిగా కాలని ఇటుకతో కట్టిన ఇంట్లో ఇది మరీ ఎక్కువ. కట్టేటప్పుడే పునాది మీద, గోడ లేచే చోట చెమ్మ ఎక్కకుండా దట్టమైన కాంక్రీటు పొర వేస్తే సగము బాధ తప్పుతుంది. ఇంజనీర్లు దానిని డీపీసీ అంటారు. కట్టేసిన ఇంటికి ఏమి చేయాలని అడుగుతారు. గోడ మొదట్లో పోసిన మట్టిని, పేడకుప్పను తీసేయండి, వాన నీరు గోడ నుండి దూరముగా పోయేటట్లు వాలు చేయండి, స్నానపు నీళ్లు గోడ పక్కన నిలవనివ్వకండి. రంగు డబ్బా కొనడానికి ముందు ఇవి చేయాలి.

తర్వాతది ఇసుక. గోదావరి ఇసుక మన గడప దగ్గరే ఉన్నా, వరద తీసిన చోట తెచ్చిన ఇసుకలో మెత్తని ఒండ్రు కలిసి ఉంటుంది. ఆ ఒండ్రు ఇసుక రేణువులకు పొరలాగా అంటి సిమెంటును పట్టనివ్వదు. పూత గోకితే గోరుకే రాలుతుంది. మా మేస్త్రీ నేర్పిన పరీక్ష మీరూ చేయవచ్చు. గాజు సీసాలో సగము ఇసుక పోసి, నీళ్లు, చిటికెడు ఉప్పు వేసి బాగా కుదిపి, మూడు గంటలు కదపకుండా ఉంచండి. అడుగున ఇసుక, పైన ఒండ్రు వేర్వేరుగా పేరుకుంటాయి. నూటికి ఎనిమిది పాళ్లకు మించి ఒండ్రు ఉంటే ఆ ఇసుక కడగనిదే వాడకూడదు. మా ఆదివారపు బడి పిల్లలకు ఈ పరీక్ష ఎంతో ఇష్టము. ఇప్పుడు ఇసుక ట్రాక్టరు ఎవరింటికి వచ్చినా సీసాలు పట్టుకొని వెళ్తున్నారు. ట్రాక్టరువారు మమ్మును తిట్టుకుంటున్నారని విన్నాము.

నీళ్ల సంగతి మాత్రము పెద్దవారికే చెప్పాలి. సిమెంటు ఆరి గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. అది ఆరి గట్టిపడదు, నీటితో కలిసి గట్టిపడుతుంది. కనుక పూత వేసిన మరునాటి నుండి కనీసము ఏడు రోజులు దానిని తడిగా ఉంచాలి. మనము పూత వేసేది మే నెలలో, నిప్పులు చెరిగే ఎండలో. బోరింగు దగ్గర బిందెలు వరుసలో ఉంటాయి, గోడకు నీళ్లు ఎవరు పోస్తారు? రెండు రోజులు చల్లి ఊరుకుంటారు. ఫలితము సాలెగూడులాంటి సన్నని పగుళ్లు. నునుపు రావాలని పచ్చి పూత మీద పొడి సిమెంటు చల్లి రుద్దితే ఈ పగుళ్లు ఇంకా ఎక్కువవుతాయి. ఇంకొక అలవాటు ఉంది, మేస్త్రీలు మమ్మును క్షమించాలి. భోజనానికి ముందు కలిపిన మాలు గట్టిపడితే, భోజనము తర్వాత నీళ్లు పోసి మళ్లీ కలిపి వాడతారు. గట్టిపడటము మొదలైన సిమెంటుకు నీళ్లు పోస్తే మెత్తబడుతుంది గాని మునుపటి పట్టు రాదు. అరగంటలో వాడగలిగినంతే కలపమనండి. పొడి ఇటుక మీద పూత వేయనివ్వకండి. ఇటుక ఆ నీటిని పీల్చేస్తుంది. ముందు గోడ తడపాలి, ఇటుకల సందులు కొంచెము గీకి పూతకు పట్టు ఇవ్వాలి.

నల్లరేగడి మీది ఇళ్లకు కిటికీ మూలల నుండి ఏటవాలుగా బీటలు వస్తాయి. వాటిని పూత జబ్బుగా చూడకండి. వానకు ఉబ్బి, ఎండకు ముడుచుకునే నేల పునాదినే కదిలిస్తున్నది. దాని మీద ఎన్ని పూతలు వేసినా డబ్బు దండుగ. ముందు పునాది సంగతి తెలిసినవారికి చూపించండి.

ఇక వరద చూసిన ఇళ్లు. 2022లో నీరు దిగిన నెలలోపే చాలామంది గోడల మీది ఒండ్రు గీత కనబడకూడదని రంగులు వేయించారు. వారి మనసు మాకు తెలుసు. ఆ గీత చూస్తుంటే అన్నము దిగదు. అయితే రోజుల తరబడి నీటిలో నానిన ఇటుక గోడ ఆరడానికి నెలలు పడుతుంది. పైన రంగు వేసి మూస్తే లోపలి చెమ్మ ఎటు పోతుంది? మరుసటి ఎండాకాలానికి ఆ రంగులన్నీ పొక్కులు లేచి ఊడిపోయాయి. వెల్ల వేసుకొని ఊరుకున్న ఇళ్లు మాత్రము బాగున్నాయి. సున్నము చెమ్మను ఆరనిస్తుంది. ధవళేశ్వరము దగ్గర కాటన్ దొర 1847 నుండి 1852 వరకు కట్టించిన ఆనకట్ట కూడా సున్నముతో కట్టినదే. మట్టి గోడకు కూడా సిమెంటు కంటే సున్నపు పూత నయము. అయితే గానుగ సున్నము పని తెలిసిన మేస్త్రీ మా చుట్టుపక్కల మాకు ఇంకా దొరకలేదు.

మళ్లీ పెద్దమ్మ దగ్గరకు. 2022 ఆగస్టులో ఒక ఆదివారము ఆరాధన తర్వాత సంఘము ఎదుట నిలబడి మా తప్పు ఒప్పుకొన్నాము. ఆమె మేకకు, సిమెంటుకు అయిన డబ్బు మా జీతములో నుండి నెలనెలా ఇస్తామన్నాము. పెద్దలు సంఘము కూడా పంచుకుంటుందన్నారు. ఆమె సిమెంటు డబ్బు తీసుకోలేదు. మేకకు బదులు మేకపిల్లను తీసుకున్నది. పొలముల రాళ్లు తెచ్చి మోకాలి ఎత్తు రాతి కట్టు కట్టి, దాని మీద గోడ లేపాము. రేకుల అంచుకు వెదురు కట్టి తాటాకు చూరు రెండు మూరలు దింపాము. మా శ్రీమతి, సంఘ స్త్రీలు మట్టి తొక్కారు. మేమూ తొక్కాము. పెద్దమ్మ అరుగు మీద కూర్చుని, గడ్డి చాలలేదు, ఇంకా వేయమని మమ్మును గద్దిస్తూనే ఉన్నది.

మందిరము సంగతి అంత సులువుగా తెమలలేదు. తట్టి చూస్తే పడమటి గోడ సగము డొల్ల. సిమెంటు కొట్టేసి మట్టి పూత వేద్దామంటే యవనస్థులు ఒప్పుకోలేదు. "ఊరిలో అందరివీ పక్కా ఇళ్లవుతుంటే మన మందిరము మళ్లీ మట్టిదా అయ్యగారూ" అన్నారు. ఒక కుర్రవాడు ఇంకొక మాట అన్నాడు, "ఏటేటా ఎవరు మెత్తుతారు? మా అమ్మలేగా?" అతడు అన్నది న్యాయమే. మట్టి గోడ బాగుండాలంటే ఎవరో ఒకరి భుజాలు నొప్పి పెట్టాలి. ఇన్నాళ్లూ అవి ఆడవారి భుజాలే. పెద్దమ్మ సిమెంటు కోరింది గొప్ప కోసము కాదు, ఆ నొప్పి తప్పించుకోవడానికి. అది తెలుసుకోకుండా మట్టిని పొగడటము కూడా మరొక పైపూతే అవుతుంది.

చివరికి కుదిరిన ఒప్పందము ఇది. పడమటి గోడకు సిమెంటు తీసి మట్టి పూత. మిగిలిన గోడలు డబ్బు కూడినప్పుడు తీసేసి, పునాది నుండి సరియైన పద్ధతిలో ఇటుకతో కట్టడము. మందిరపు గోడ, పెద్దమ్మ గోడ, ఇంకా ముగ్గురు ముసలివారి గోడలు ఏటా వానలకు ముందు యవనస్థులే మెత్తడము. మొదటి సంవత్సరము ఇరవైమంది వచ్చారు, పాటలు పాడుకుంటూ చేశారు. రెండవ సంవత్సరము ముగ్గురు వచ్చారు. ఆ సంవత్సరము మా శ్రీమతితో కలిసి మేమే ఎక్కువ చేయవలసి వచ్చింది. ఆ కుర్రవాడు మాత్రము రెండుసార్లూ వచ్చాడు. ఇటుక గోడల కోసము పెట్టెలో డబ్బు ఇంకా సగమైనా కూడలేదు.

పోయిన శనివారము పెద్దమ్మ ఇంటికి వెళ్లాము. మనుమడు ఇప్పుడు హైస్కూలుకు వెళ్తున్నాడు. నీళ్లు తెచ్చేలోగా అలవాటు చొప్పున ఉత్తరపు గోడ దగ్గరకు వెళ్లి చెయ్యి ఎత్తాము. ఆమె లోపలి నుండే కేక వేసింది.

"తట్టకండి అయ్యగారూ! మనుమడు నిన్ననే మెత్తాడు. ఇంకా పచ్చిగా ఉంది."